214 లైటు లేని రెండు నిమిషాలు

పదకొండూ ఇరవై. మా బుజ్జి ఉద్యోగం ఊడడానికి ఇంకా నలభై నిమిషాలుంది.

పన్నెండింటికి మా కంపెనీ మేడమ్ గారు ఆ ఉత్తరం మీద సంతకం పెడతారు. ఉత్తరం నేను చూశాను. చూడక ఏం చేస్తాను, ప్రింటరు నా కౌంటరు పక్కనే ఏడ్చింది కదా! కన్నకూతుర్ని పనిలోంచి తీసేస్తున్నామన్న కాగితం వేడివేడిగా బయటికి వస్తుంటే, నా చేతుల్తో నేనే తీసి కవరులో పెట్టాను. ఇలాంటి పని పగవాళ్ళకి కూడా వద్దు.

మాది ఆసుపత్రి మంచాలు చేసే కంపెనీ. అంబులెన్సులో ఒక్క మనిషే విప్పి పరిచేలా ఒక మడత మంచం తయారుచేశారు. దాని గుట్టు బయటికి పోకూడదని వారం నుంచి అందరి సెల్‌ఫోన్లూ గేటు దగ్గరే పెట్టించేస్తున్నారు. అయినా పోయింది. నిన్న మధ్యాహ్నం ఒంటిగంటా పద్నాలుగుకి మా ఆఫీసు ఫోన్లోంచే పోటీ కంపెనీకి కాల్ వెళ్ళింది. ఆరు నిమిషాలు. సాయంత్రానికల్లా మా మంచం, ఏ కీలు ఎక్కడుందో దాంతో సహా, వాళ్ళ పేరు మీద పేటెంటుకి దరఖాస్తు అయిపోయింది.

ఆ కాల్ వెళ్ళింది 214 నంబరు నుంచి. 214 మా బుజ్జిది.

అంతకంటే ఘోరం ఇంకోటుంది. హెడ్డాఫీసు నుంచి విచారణకి వచ్చిన కుర్ర నిపుణుడు నిన్న సాయంత్రం నన్ను, “ఆంటీ, ఒంటిగంటా పద్నాలుగుకి 214 మీద ఎవరైనా మాట్లాడారా?” అని అడిగాడు. నేను పొంగిపోయి, “ఎందుకు మాట్లాడలేదు బాబూ! నా కళ్ళారా చూశాను, ఎర్రగా వెలుగుతోంది. మా పిల్ల మేడ మీదనుంచి క్షేమంగా దిగిందని అప్పుడే ఊపిరి పీల్చుకున్నాను” అన్నాను. అతను అదంతా రాసుకుని నా చేత సంతకం కూడా పెట్టించుకున్నాడు. తల్లే సాక్ష్యం చెప్పిందని ఇప్పుడు ఆఫీసంతా ఒకటే గుసగుస. బుజ్జి మాత్రం, తను ఆ టైములో మేడ మీదే ఉందనీ, వైఫై పెట్టె బిగిస్తోందనీ అంటోంది. మేడ మీద పావురాలు తప్ప ఇంకో సాక్షి లేడు.

రాత్రంతా నేను బుజ్జి జైల్లో ఉన్నట్టూ, అక్కడి దుప్పట్లు పల్చగా ఉన్నట్టూ ఊహించుకుంటూ కూర్చున్నాను. తెల్లారాక బుద్ధొచ్చింది. పదో తరగతి చదువుతో పంతొమ్మిదేళ్ళుగా ఈ కౌంటర్లో ఆపరేటరుగా ఉన్నాను. లిఫ్టులో మాయమైన గొడుగుల కేసు తేల్చింది నేనే. అప్పట్నుంచీ ఆఫీసులో నన్ను ‘సీఐడీ అక్క’ అంటారు. పరాయివాళ్ళ గొడుగు కోసం అంత తిరిగినదాన్ని, నా పిల్ల కోసం ఈ నలభై నిమిషాలు తిరగలేనా?

నిపుణుడు లిఫ్టులోంచి దిగాడు. మెడకి టై, చంకలో లాప్‌టాప్. అతని పెదాల మీద ఎప్పుడూ ‘లాగ్’ అని ఒకటే మాట, అంటే మిషను తనంతట తాను రాసుకునే చిట్టా; కాబట్టి అతనికి ‘లాగ్ బాబు’ అని పేరు పెట్టాను.

“బాబూ, పొద్దున్నుంచీ ఏమైనా తిన్నావా?” అన్నాను.

“తిన్నానాంటీ. చూడండి, మీరు బాధపడి లాభం లేదు. లాగ్ అబద్ధం చెప్పదు.”

“చెప్పదులే. 214 మాట్లాడింది అంది. బుజ్జి మాట్లాడింది అందా?”

అతను నవ్వాడు. “214 అంటే మీ అమ్మాయేగా.”

“214 అంటే ఒక డబ్బా నాయనా. మా అమ్మాయి వేరు.”

అతని నవ్వు కొంచెం సన్నబడింది. ఎందుకంటే ఆ సంగతి అతనికీ తెలుసు. మా ఆఫీసులోవన్నీ ఇంటర్నెట్ ఫోన్లు. మొత్తం అరవై రెండు, అన్నీ బుజ్జి చేతిమీదుగా అమర్చినవే. గోడలో ఉన్న కంప్యూటరు వైరు కన్నంలోంచే మాటా, కరెంటూ రెండూ వస్తాయి. వైరు పీకితే ఫోన్ చచ్చిపోతుంది. తప్పు తప్పు, నిద్రపోతుంది. మళ్ళీ ఏ కన్నంలో గుచ్చినా మహా అయితే రెండు నిమిషాల్లో లేస్తుంది. ప్రతి ఫోన్ కడుపు మీద ఒక పొడుగాటి గుర్తు అచ్చేసి ఉంటుంది. సర్వరు గదిలోని మిషను ఆ గుర్తు చూసి, ‘నువ్వా తల్లీ, నీ నంబరు ఇదీ’ అని ఇస్తుంది. అది ఏ గదిలో కూర్చుందో దానికి పట్టదు. బుజ్జి ప్రతి గోడ మీదా కాగితం కూడా అంటించింది: ‘సీటు మారితే మీ ఫోన్ మీరే పట్టుకెళ్ళండి. నంబరు మీ వెంటే వస్తుంది.’ అందుకే మా ఆఫీసులో జనం ఫోన్లు చంకనేసుకుని చంటిపిల్లల్లా తిప్పుతుంటారు.

“అంటే ఫోనెవరో ఎత్తుకెళ్ళారంటారు,” అన్నాడు లాగ్ బాబు. “ఏ కన్నంలోంచి వెలిగిందో, వైర్లన్నీ వచ్చి కలిసే స్విచ్ పెట్టెలో ఉంటుంది. కాకపోతే...”

“కాకపోతే?”

టై సర్దుకున్నాడు. “నిన్న రాత్రి ఆ స్విచ్ ఒకసారి రీస్టార్ట్ చేశాను. పాత లాగ్ పోయింది.”

“ఎవరు చేశారన్నావు?”

“నేనే.”

“మరి లాగ్ అబద్ధం చెప్పదన్నావు. నువ్వేమో దాని నోరే మూసేశావు.”

“ఆంటీ, ఇది మీకు అర్థమయ్యే విషయం కాదు!”

“నాకు అర్థం కాకపోతే నీ చెవులెందుకు ఎర్రబడ్డాయి నాయనా? పద, బుజ్జి బల్ల చూద్దాం.”

బుజ్జి బల్ల హాలు చివర ఉంటుంది, జిరాక్స్ మిషను పక్కన. బుజ్జి మాత్రం అక్కడ లేదు. పొద్దున్నే పాస్‌వర్డులన్నీ లాక్కున్నాక మొహం పాలిపోయి కూర్చుంటే, కొనుగోళ్ళ మేనేజరు వచ్చి, “అక్కా, గోడౌన్లో ఫోన్ పలకడం లేదు. పిల్లని తీసుకెళ్తాను, మనసు కాస్త మళ్ళుతుంది. మేడమ్‌తో నేను మాట్లాడతాగా” అన్నారు. బంగారంలాంటి మనిషి. ఆఫీసంతా ఆయన్ని బాబాయి అంటుంది. ఎవరికి తలనొప్పొచ్చినా జేబులోంచి మాత్ర తీసి ఇస్తారు. గోడౌన్ వెనక వీధే, నడిచెళ్తే ఐదు నిమిషాలు. కానీ ఆ వీధిలో రెండు కుక్కలున్నాయి. అందుకని ఆయన కార్లోనే ఎక్కించాను. సీటు బెల్టు కూడా నేనే పెట్టాను.

జిరాక్స్ తమ్ముడు మిషన్లో తలదూర్చి ఉన్నాడు.

“తమ్ముడూ, నిన్న ఒంటిగంట దాటాక ఇక్కడికెవరొచ్చారు?”

“ఎవరూ రాలేదక్కా.”

“బాగా ఆలోచించు. నువ్వెక్కడున్నావు?”

“ఇలాగే, కాగితం ఇరుక్కుంటే లోపలే ఉన్నాను. ఎవరో పక్కనుంచి వెళ్ళారు... ఫోన్ పట్టుకుని.”

లాగ్ బాబు ఎగిరిపడ్డాడు. “ఎవరూ రాలేదన్నావుగా!”

“ఫోన్ పట్టుకెళ్ళేవాళ్ళని రావడమంటారా సార్? రోజుకి పదిమంది పట్టుకెళ్తారు.”

“ముఖం చూశావా?” అన్నాను.

“లేదక్కా. వైరు నేలమీద ఈడ్చుకుంటూ వెళ్ళింది. తోక ఊపుకుంటూ పోతోందనుకుని నవ్వుకున్నా. కాసేపటికి మళ్ళీ అదే తోక వెనక్కొచ్చింది.”

“ఎంతసేపటికి?”

“కాగితం బయటికొచ్చేసరికి. పావుగంట ఉంటుందేమో.”

బల్ల మీది 214 ఫోన్ని సాక్ష్యమని పారదర్శకంగా ఉన్న సంచీలో పెట్టి సీలేశారు. నేను సంచీ ఎత్తి కడుపు చూశాను. సంచీని అటూ ఇటూ తిప్పాను.

“చీటీ ఏది?”

“ఏం చీటీ?” అన్నాడు లాగ్ బాబు.

నా పద్ధతి ఒకటుంది. పిల్ల ఎక్కడ కళ్ళు తిరిగి పడిపోతుందో, పక్కనున్నవాళ్ళకి ఎవర్ని పిలవాలో తెలియాలి కదా! అందుకని బుజ్జి వస్తువులన్నిటి మీదా చీటీ అంటిస్తాను. భోజనం డబ్బా మూత మీద, హెల్మెట్ లోపల, గొడుగు పిడి మీద. నిన్న పొద్దున్న ఫోన్ కడుపు మీద కూడా అంటించాను. ఊడిపోతుందేమోనని భయమేసి చీటీ కిందా పైనా జిగురు నాలుగు పొరలేశాను. ఆరడానికి ఫోన్ని పక్కకి ఒరిగించి పెట్టి మరీ వచ్చాను.

ఇప్పుడక్కడ చీటీ లేదు. ఎండిన జిగురు మరక మాత్రం ఉంది.

“మీ అమ్మాయే పీకేసి ఉంటుంది. నేనైతే పీకేస్తాను,” అన్నాడతను.

“నాలుగు పొరలు బాబూ! దాన్ని మనిషి పీకలేడు. ఎక్కడో అంటుకుపోయి ఉంటుంది.” గడియారం చూశాను. పదకొండూ ముప్ఫై. “నాతో కౌంటరుకి రా. నా దగ్గరా ఒక లాగుంది.”

నా లాగ్ అంటే అట్ట చిరిగిన రిజిస్టరు. పాత ఫోన్ల రోజుల్లో ఏ కాల్ ఎన్నింటికొచ్చిందో, ఎవరికిచ్చామో చేత్తో రాసేవాళ్ళం. కొత్త ఫోన్లొచ్చాక మిషనే రాసుకుంటుంది, మానెయ్యమన్నారు. మానేస్తే ఏ ఉపద్రవం ముంచుకొస్తుందోనని నేను మానలేదు. నా ఫోన్ పక్కన ఒక పలక ఉంటుంది, దాని మీద అందరి నంబర్లకీ బుల్లి లైట్లు. పచ్చగా ఉంటే ఖాళీ, ఎర్రగా ఉంటే మాట్లాడుతున్నారు. లైటే లేకపోతే వైరు ఊడిందని. నా చూపంతా 214 మీదే ఉంటుంది. పిల్ల పచ్చగా ఉందో లేదో చూసుకోవడం కన్నతల్లికి తప్పు కాదు కదా!

నిన్నటి పేజీ తీశాను. లాగ్ బాబు పైకే చదివాడు.

“‘1-10. 214 లైటు లేదు. దేవుడా.’ ‘1-12. పచ్చ. దేవుడు ఉన్నాడు.’ ‘1-14. ఎరుపు.’ ‘1-16. 231కి కస్టమరు, కలిపాను, మోగకుండానే తిరిగొచ్చింది.’ ‘1-20. 214 పచ్చ.’ ‘1-22. మళ్ళీ లేదు.’ ‘1-24. పచ్చ. గుండె దడ.’ ‘1-25. అదే కస్టమరు, 231లో మాట్లాడారు.’” అతను తలెత్తాడు. “లైటు ఆరింది అని రాయొచ్చుగా, ‘లేదు’ అని ఎందుకు?”

“పిల్ల పేరు పక్కన ఆ మాట రాయడానికి నాకు చెయ్యి రాదు.”

ఈసారి అతను నవ్వలేదు. పేజీ మీద రెండు చోట్ల వేలితో గీత గీసినట్టు చూపించాడు. “ఒకటీ పదికి పీకారు. రెండు నిమిషాల్లో వేరేచోట లేచింది. కాల్ అయ్యాక మళ్ళీ పీకి, తెచ్చి పెట్టారు. అంతవరకూ సరే. కానీ ఎక్కడ?”

నాకు కనిపించింది అతని వేలు కింద ఉన్న నాలుగో వరస.

“బాబూ, ఫోన్ ఎత్తకపోతే ఏమవుతుంది?”

“ఇరవై సెకన్లు మోగి మీ దగ్గరికి తిరిగొస్తుంది.”

“మాట్లాడుతుంటే?”

“బిజీ అని చెప్తుంది.”

“మోగకుండానే టక్కున తిరిగొస్తే?”

“ఆ ఫోన్ వైరు ఊడి...” అతని నోరు అలాగే ఉండిపోయింది.

“మా గదుల్లో గోడకి ఒకటే కన్నం నాయనా. పిల్ల ఫోన్ అక్కడ గుచ్చాలంటే తన ఫోన్ పీకాలి కదా? 214 మాట్లాడుతున్నంతసేపూ నిద్రపోయిన ఫోన్ ఏది?”

“231. ఎవరిదాంటీ అది?”

రిజిస్టరు మూసేసి మెట్ల వైపు నడిచాను. 231 ఎవరిదో నాకు నిద్రలో లేపినా తెలుసు. ఏడాదికి మూడొందలసార్లు దానికి కాల్ కలిపాను.

పదకొండూ నలభైకి రెండో అంతస్తులో, చివరి గది ముందు ఉన్నాం. తలుపు మీద ‘కొనుగోళ్ళు’ అని రాసి ఉంది. లాగ్ బాబు గడప దగ్గరే ఆగిపోయాడు.

“ఆంటీ, ఆయన లేనప్పుడు గదిలోకెళ్ళడం రూలు కాదు.”

“నువ్వు వెళ్ళకు. ఆయాసంతో కళ్ళు తిరుగుతున్నాయి, నేను కూర్చోడానికి వెళ్తున్నాను. పడిపోతే నన్ను పట్టుకోడానికి వచ్చావని రాసుకో.”

అతను నా వెనకే వచ్చాడు.

శుభ్రమైన గది. పైభాగమంతా అద్దమే ఉన్న బల్ల, పెన్నులన్నీ ఒక వరసలో. గోడకి ఒకటే కన్నం. బల్ల మూల 231 ఫోన్. మనసులో దండం పెట్టుకున్నాను, ‘స్వామీ, నా అనుమానం తప్పు కావాలి, ఆయన మంచివాడు కావాలి’ అని. రెండు చేతులతో ఫోన్ ఎత్తాను.

అద్దం మీద చీటీ ఉంది.

నాలుగు వైపులా నా జిగురు పొంగి గట్టిపడింది. అక్షరాలున్న వైపు అద్దానికి అంటుకుపోయి, పైనుంచి అక్షరాలు తిరగబడి కనబడుతున్నాయి. అయినా అది నా చేతిరాతే. లాగ్ బాబు మోకాళ్ళ మీద కూర్చుని అద్దం కిందనుంచి చదివాడు.

“‘అయ్యా, అమ్మా, ఈ పిల్ల మా పిల్ల. దీనికి ఏమైనా అయితే దయచేసి వెంటనే ఈ నంబరుకి చెప్పండి. అంతవరకూ మంచినీళ్ళు ఇవ్వండి. ఇట్లు, తల్లి.’”

అతను లేచి నిలబడ్డాడు. టై వదులు చేశాడు.

“ఆయన మీ అమ్మాయి ఫోన్ ఇక్కడ పెట్టారు. చీటీ అద్దానికి అతుక్కుంది. పనయ్యాక ఆ ఫోన్ లాక్కెళ్ళి, తన ఫోన్ తెచ్చి సరిగ్గా దాని మీదే పెట్టుకున్నారు,” అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, “నన్ను క్షమించండాంటీ. లాగ్ సగమే చదివాను. ఉత్తరం మీద సంతకం పెట్టొద్దని మేడమ్‌తో ఇప్పుడే చెప్తాను” అన్నాడు.

ఎగిరి గంతెయ్యాల్సిన సమయం అది. రెండంగుళాలు ఎగిరాను కూడా. కానీ కిందికి దిగేలోపు ఇంకో ఆలోచన వచ్చింది.

“బాబూ, నా పిల్ల ఇప్పుడు ఆయన కార్లో ఉంది. సీటు బెల్టు నేనే పెట్టాను.”

మెట్లు ఎలా దిగానో నాకు తెలియదు. కౌంటరుకి చేరేసరికి గోడ గడియారంలో పదకొండూ నలభై ఏడు. గోడౌన్ ఫోన్‌కి లైటు లేదు. బుజ్జి సెల్ గేటు దగ్గర డబ్బాలో ఉంది. రిసీవరు మీద చెయ్యి వేసి, ఎవరికి చెయ్యాలో తెలియక లైట్లన్నీ వెతుకుతుంటే, పలక మీద అట్టడుగున ఎప్పుడూ వెలగని లైటొకటి పచ్చగా మారి, వెంటనే ఎర్రబడింది. 299. అది బుజ్జి సంచీలో పెట్టుకుని తిరిగే పరీక్ష ఫోన్.

నా ఫోన్ మోగింది.

“అమ్మా,” అంది బుజ్జి. గొంతు మామూలుగానే ఉంది. “భోంచేశావా?”

ఇరవై మూడేళ్ళుగా ఆ ప్రశ్న అడిగేది నేను, విసుక్కునేది తను. ఒక్కనాడూ ఎదురడిగిన పిల్ల కాదు.

“లేదమ్మా,” అన్నాను. “నువ్వు?”

“నేను బాగానే ఉన్నా. గంటకోసారి నీతో మాట్లాడకపోతే నువ్వు పోలీసుల్ని పిలుస్తావని చెప్తే, బాబాయి గారు ఒక్క కాల్ చేసుకోమన్నారు. తప్పు నాదేనని ఒక కాగితం రాశారమ్మా. సంతకం పెట్టేస్తే గొడవ ఇక్కడితో ఆగిపోతుందట. చదువుతున్నా. చాలా మెల్లిగా చదువుతున్నా. నువ్వు కంగారుపడి ఎక్కడికీ పరిగెత్తకు, సరేనా?”

వెనకనుంచి ఆ తియ్యటి గొంతు వినిపించింది: “నేనున్నానని చెప్పమ్మా అక్కకి.”

“సరే తల్లీ, నేనెక్కడికీ రాను,” అన్నాను. పుట్టి బుద్ధెరిగాక బుజ్జితో ఆడిన మొదటి అబద్ధం అది. “కళ్ళజోడు పెట్టుకుని చదువు. ప్రతి అక్షరం చదువు.”

ఫోన్ పెట్టేసిన చప్పుడు. 299 పచ్చబడింది.

“ఆ సంతకం పడితే మన చీటీ ఎవరు చూస్తారు, రిజిస్టరు ఎవరు చూస్తారు?” అన్నాను. “పద, గోడౌన్‌కి!”

“ఉండండి!” లాగ్ బాబు లాప్‌టాప్ నా కౌంటరు మీదే తెరిచాడు. ఫోన్ ఎక్కడికెళ్తే నంబరు అక్కడికి. నంబరుని బట్టి చోటు తెలియదు. అది ఏ కన్నంలోంచి వెలిగిందో చూడాలి. ఈసారి స్విచ్ నోరు ఎవరూ మూయలేదు. అతని వేళ్ళు టకటకా కొట్టుకుంటూ వెళ్ళి, ఒక్కసారి ఆగాయి.

“ఆంటీ... ఇది గోడౌన్ కాదు.”

“మరి?”

“కాంపౌండు చివర పాత షెడ్డులోని కన్నం. రెండేళ్ళ నుంచి తాళమే తియ్యలేదని రాసుంది.”

పలక వైపు చూశాను. నేను చూస్తుండగానే 299 లైటు పోయింది.

లాగ్ బాబు టై పీకి జేబులో కుక్కుకున్నాడు. మేడమ్‌కి ఫోన్ చేసి సంతకం పెట్టొద్దన్నాడు. గేటుకి చేసి, ఏ కారునీ బయటికి వదలొద్దని అరిచాడు. నేను రిజిస్టరు తెరిచాను. ‘11-49. 299. పాత షెడ్డు. లైటు లేదు’ అని రాశాను. దాని పక్కన, ‘రెండు నిమిషాల్లో వస్తుంది’ అని కూడా రాసి, పెన్ను అందులోనే వదిలేసి, చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తాను.